చివరగా కాడ వేసే మొక్క

పామర్, అలాస్కా
1971 జూన్ 20, ఆదివారం

ఎల్మీ,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు ఈ కవరులో ఉన్నదాన్ని బయటికి తియ్యి. ఎండిపోయిన ఆ జానెడు కాడ ఏమిటో నీకు తెలుసు. తెలియదంటే అమ్మ పక్కన అన్నేళ్ళు తిరిగి నువ్వు నేర్చుకున్నదేమీ లేదన్నమాట. అది లెట్యూస్ పూతకాడ. మొన్న పద్దెనిమిదో తేదీన నా మడిలో కోశాను.

అమ్మ లెట్యూస్ ఏనాడైనా జూలై ఇరవైకి ముందు కాడ వేయగా చూశావా? ముప్ఫై ఐదేళ్ళుగా ఈ లోయలో నేను చూడలేదు. ఇక్కడ జూన్‌లో సూర్యుడు ఇరవై గంటలు నెత్తిమీదే ఉంటాడు. ఆ వెలుగుకు కొట్టు విత్తనమంతా బెదిరిపోయి ఆకు చాలించుకుని పూతకు లేస్తుంది. ఒక్క అమ్మ లెట్యూసే గుండ్రంగా, బుద్ధిగా నేలకు కరుచుకుని కూర్చునేది. అందుకే కదా దారి పక్క మన కొట్టు మీద "హిల్యా లెట్యూస్" అని అమ్మ పేరు రాసి బల్ల కట్టింది.

అమ్మ పోయాక, చలికాలంలో నువ్వు పంపిన విత్తనాన్నే మార్చి నెలాఖరున కిటికీ దగ్గర ట్రేలలో చల్లాను. మొలక బాగానే వచ్చింది. మే నెలలో అద్దాల పెట్టెలోకి మార్చి, చలికి అలవాటు చేసి, ఇరవై ఎనిమిదిన మడిలో నాటాను. మూడు వందల నలభై మొక్కలు. మోకాళ్ళ మీద పాకుతూ నాటాను. మూస్ దుప్పి కంచె తొక్కి వస్తుందేమోనని వారం రోజులు కాపలా కాశాను. తీరా అరచేతి వెడల్పు ఆకు వచ్చేసరికి నడుమ నుంచి కాడ తన్నుకొచ్చింది. ఒకటి కాదు, రెండు కాదు. మడికి మడి లేచి నిలబడింది. ఆకు తుంచితే పాలు కారుతున్నాయి. నోట్లో పెట్టుకుంటే చేదు మందు నయం.

శుక్రవారం ఓర్విల్ బండి వేసుకుని వచ్చాడు. యాంకరేజ్ హోటల్లో వంటవాడు, వారానికి ఎనభై లెట్యూస్ తలకాయలు పట్టుకుపోయేవాడు. ఒక ఆకు నమిలి ఉమ్మేశాడు. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. పక్కింటి ఆర్వో మాత్రం కంచె మీద మోచేతులు ఆనించి, "మీ అమ్మ లెట్యూస్ కూర్చునేది కదమ్మా, ఇదేంటి ప్రార్థనకి లేచినట్టు లేచింది?" అన్నాడు. డెబ్బై రెండేళ్ళ ముసలాయన్ని ఏమనగలను. ఆ సాయంత్రమే మడంతా పీకి ఆయన పందులకు వేశాను. ఒక్క మొక్క మిగల్చలేదు.

నువ్వు ఏ కొట్టులో కొన్న ప్యాకెట్టు విప్పి అమ్మ డబ్బాలో పోసి పంపావో నాకు చెప్పు. అంతకంటే నాకు అడగవలసింది లేదు.

మీ ఆయన నడుము నొప్పి తగ్గిందని తలుస్తాను.

సైమా

*

టవర్ ఊరి దగ్గర, మిన్నెసోటా
జూన్ 29

అక్కా,

నీ ఉత్తరం అందింది. అందులోని కాడ కూడా అందింది. వెర్నాన్ కవరు విప్పి, మీ అక్క ఎండుగడ్డి పంపిందేమిటని అడిగాడు. నేనేం చెప్పను? మా అక్క నన్ను దొంగ అంటోంది, సాక్ష్యం జతపరిచింది అని చెప్పాను. ఆయన నడుము అలాగే ఉంది. ఆయన గనిలోకి వెళ్తూనే ఉన్నాడు.

నేను పంపింది ఈ ఇంటి వెనక మడిలో, అమ్మ చూస్తుండగా పండిన విత్తనం. కొట్టు ప్యాకెట్టు కాదు. బైబిలు మీద చెయ్యేసి చెప్పమన్నా చెప్తాను. నీకు మొలవలేదా? మొలిచింది. పెరగలేదా? పెరిగింది. ఇక మిగిలింది నీ చేతి తప్పు. అద్దాల పెట్టె తలుపులు మధ్యాహ్నం ఎత్తి పెట్టావా, లేక ఎప్పటిలా ఓర్విల్‌తో కబుర్లలో పడి మరిచిపోయావా? నారు దశలో ఒక్కరోజు ఉడికినా మొక్కకు భయం పడుతుంది, ఆ భయమే కాడవుతుంది. ఇది అమ్మ నాకు చెప్పింది. నీకు చెప్పే ఉంటుంది. నువ్వు వినే రకం కాదు.

ఇంకో మాట. మడంతా ఒక్క సాయంత్రం పీకేశానని గొప్పగా రాశావు. మూడు వందల నలభైలో ఒక్కటైనా లేవకుండా కూర్చుని ఉందేమో చూశావా? అమ్మ అయితే ముందు అది చూసేది. కాడ వేసినవాటిని ఒక్కొక్కటిగా లాగేస్తూ, వేయనిదాని కోసం వరసంతా వంగి వెతికేది. నీకు అంత ఓపికెక్కడిది? కోపం వస్తే నీకు ఎదురుగా ఉన్నది మడో మనిషో కూడా కనపడదు.

కిందటి అక్టోబరులో అమ్మను పూడ్చిన రోజున చర్చిలో ముందు బల్ల మీద నీ చోటు ఖాళీగా ఉంది. మంచు, విమానం లేదు అన్నావు. సరే అనుకున్నాను. ఎనిమిది నెలలు ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు లెట్యూస్ కోసం రెండు పేజీలు రాశావు.

ఎల్మి

*

పామర్
జూలై 8

ఎల్మీ,

అద్దాల పెట్టె తలుపులు నేను పెళ్ళి కాకముందు నుంచి ఎత్తి దించుతున్నాను. నువ్వప్పుడు ఎలుగుబంటి కనపడితే కుక్కపిల్ల అనుకుని పిలిచే వయసులో ఉన్నావు. నాకు నేర్పకు.

అంత్యక్రియల సంగతి ఎత్తావు. ఎత్తు. అమ్మను ఇక్కడి నుంచి తీసుకుపోయింది ఎవరు? అరవై ఎనిమిది వసంతంలో వచ్చి, మా ఊళ్ళో పెద్దాసుపత్రి ఉంది, మోకాళ్ళకు మంచి డాక్టరున్నాడు అని ఆశ పెట్టి పట్టుకుపోయావు. మూడు నెలలన్నావు. ఆవిడ మళ్ళీ ఈ లోయ ముఖం చూడలేదు. నేను ఈ ఇంట్లో ఒక్కదాన్నే కాఫీ కాచుకుని, ఒక్కదాన్నే తాగాను. లెట్యూస్ కోసి, పలచటి మీగడలో వెనిగరు చుక్క, చిటికెడు పంచదార వేసి కలుపుకుని, సగం గిన్నె ఎవరికి పెట్టాలో తెలియక కోళ్ళకు వేసేదాన్ని. ఆ సంగతి నీకెవరు చెప్తారు?

ఆ మాట పక్కన పెడదాం. సూటిగా అడుగుతున్నాను. కొట్టు విత్తనం కాదంటున్నావు. ఒప్పుకుంటాను. అయితే ఏ మొక్క నుంచి తీశావు?

అమ్మ పద్ధతి మరిచావేమో, రాస్తాను. ముందుగా కాడ వేసిన మొక్క ఎంత ఏపుగా ఉన్నా దాని విత్తనం ముట్టుకోకూడదు. అది ముందే పండుతుంది, మంచు పడేలోపు చేతికొస్తుంది, ఆశ పెడుతుంది. ఆ ఆశకు లొంగితే ఏడాది ఏడాదికి కాడ తొందరవుతుంది. అందరికంటే చివర లేచినదాన్నే ఉంచాలి. కానీ అది పండేదాకా మన వేసవి ఆగదు. అందుకని ఆగస్టులో దాన్ని మట్టిగడ్డతో సహా తవ్వి, పాత బకెట్టులో పెట్టి, వంటింటి కిటికీ దగ్గరికి తెచ్చుకోవాలి. అక్టోబరు దాకా దాన్ని ఇంట్లో మనిషిలా చూసుకోవాలి. పసుపు పూలు రాలి, తెల్లటి దూది కట్టాక కాగితం మీద దులపాలి. నాన్న ఆ బకెట్టుకు కాలు తగిలి ఎన్నిసార్లు పడ్డాడో, ఎన్నిసార్లు తిట్టాడో నీకూ గుర్తుండే ఉంటుంది. అయినా అమ్మ దాన్ని కిటికీ దగ్గర నుంచి జరపలేదు.

కిందటి ఏడు మీ వంటింట్లో ఆ బకెట్టు ఉందా? ఉంది లేదా లేదు. ఒక్క ముక్కలో చెప్పు.

ఇక్కడ పాలకూర పరవాలేదు. ముల్లంగికి పురుగు పట్టింది. కొట్టు బల్ల దించి కొట్టంలో పెట్టాను. జనం కారు ఆపి, హిల్యా లెట్యూస్ లేదా అని అడుగుతుంటే లేదని చెప్పలేక.

సైమా

*

టవర్
జూలై 16

అక్కా,

గడ్డి కోతలు. చేతులు ఖాళీ లేవు. నీ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నేను నీ పాలేరును కాను. కొట్టు బల్ల దించినందుకు నన్ను ఏడవమంటావా?

ఎండుకాడలు ఇక పంపకు.

ఎల్మి

*

టవర్
జూలై 31

అక్కా,

నా పదహారో తేదీ కార్డుకు నువ్వు జవాబివ్వలేదు. రెండు వారాలుగా గిన్నెలు తోముతున్నా, ఆవు పాలు పితుకుతున్నా బకెట్టు ఉందా లేదా, బకెట్టు ఉందా లేదా అని నువ్వే చెవిలో గోలపెడుతున్నావు. కనుక చెప్పేస్తున్నాను. చెప్పి, ఆ తర్వాత నీ మీద నాకున్నదంతా కూడా చెప్తాను.

బకెట్టు లేదు.

అరవై తొమ్మిదిలో అమ్మ తుంటి విరిగి ఆగస్టు, సెప్టెంబరు ఆసుపత్రిలో ఉంది. నేను రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. చివర లేచినవి నాలుగు మొక్కలు మడిలో ఉన్నాయి. రేపు తవ్వుతాను, రేపు తవ్వుతాను అనుకుంటూనే ఉన్నాను. ఆగస్టు ఇరవై ఆరున మంచు పడింది. పొద్దున్న చూస్తే ఉడకబెట్టినట్టు నల్లగా కూలిపోయాయి. ముందు లేచినవి అప్పటికే పండి ఉన్నాయి. వాటినే దులిపి డబ్బాలో పోశాను.

కిందటి ఏడూ అంతే. అమ్మ మంచం దిగలేదు. ఆవిడకు స్నానం, తిండి, మందులు, పక్క మార్చడం, ఆవు, కోళ్ళు, వెర్నాన్ నడుము. లెట్యూస్ మొక్కను బిడ్డలా చూసుకోవడానికి నాకు మూడో చెయ్యి లేదు. చివరివాటిని కోసి అమ్మకే మీగడతో కలిపి పెట్టాను. రెండు చెంచాలు తిని చాలంది. తర్వాత రోజూ అడిగేది. "చివరిదాన్ని దాచావా, ఎల్మీ?" అని. దాచానమ్మా అనేదాన్ని. ఎక్కడ పెట్టావంటే, వంటింటి కిటికీ దగ్గర పెట్టానమ్మా, బాగుంది, పూత పట్టింది అనేదాన్ని. ఆవిడ మంచం దిగి వంటింట్లోకి రాలేదని నాకు తెలుసు. తెలిసే ఆ అబద్ధమాడాను. పూలు ఎన్ని వచ్చాయో కూడా లెక్క చెప్పేదాన్ని. ఆవిడ సరే, మంచిది అనేది. అలా నమ్ముతూనే పోయింది.

ఆ తర్వాత నీకు విత్తనం పంపేటప్పుడు ఒక చీటీ రాశాను, ఇది మంచిది కాదు అని. మళ్ళీ చింపేశాను. చెప్తే అమ్మతో ఆడినది అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. ఇప్పటికీ నిద్ర పట్టదు. పోయేముందు తల్లికి ఒక మనిషి చెప్పవలసిన నిజం నేను చెప్పలేదు.

ఇక నీ సంగతి. ఆ రెండేళ్ళూ నువ్వు ఎక్కడున్నావు? విమానం మీద ఏడు గంటలు. ఒక్కసారి వచ్చి ఒక్క వారం ఆవిడ పక్క మార్చి ఉంటే ఆ నాలుగు మొక్కల్ని నేను తవ్వేదాన్ని. నువ్వు రాలేదు. నీకు ఆకు కావాలి, పేరు కావాలి, బల్ల మీద అమ్మ పేరు కావాలి. అమ్మ మాత్రం నాకే వదిలేశావు.

నువ్వు ఇప్పుడు ఎంత తిట్టినా పడతాను. తిట్టు.

ఎల్మి

*

పామర్
ఆగస్టు 11

ఎల్మీ,

నీ ఉత్తరం చేరింది.

సరేలే. అయిందేదో అయింది. లెట్యూసే కదా. ఇక ఆ మాట ఎత్తొద్దు. నువ్వు పడ్డ శ్రమ ఎవరికి తెలియదు?

ఇక్కడ వానలు. సంత, కూరగాయల పోటీ వచ్చే వారం మొదలు. ఆర్వో ఎనభై పౌన్ల క్యాబేజీ ఒకటి పెంచాడు. దాన్ని బండిలోకి ఎక్కించడానికి నలుగురు కావాలట. రోజుకు మూడుసార్లు దానికి పాలు పోస్తున్నాడు, ఏ లాభమో నాకు తెలియదు. మీ దగ్గర బ్లూబెర్రీలు పండాయా? వెర్నాన్‌కు నడుముకు ఉన్ని గుడ్డ కట్టు.

సైమా

*

టవర్
ఆగస్టు 22

అక్కా,

నేను కడుపు చించుకుని రాస్తే నువ్వు నాకు ఆర్వో క్యాబేజీ కబురు చెప్తున్నావు.

నువ్వు తిడతావని సిద్ధంగా కూర్చున్నాను. పోస్టు బండి వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. తీరా చూస్తే సరేలే అట. లెట్యూసే కదా అట. జూన్‌లో అది ఉత్త లెట్యూస్ కాదు, ప్రపంచం మునిగిపోయింది. ఆగస్టుకు అది వట్టి ఆకైపోయింది. నన్ను తిట్టడానికి కూడా తగనిదాన్ననుకున్నావా? జాలి చూపిస్తున్నావా? నీ జాలి నాకు అక్కరలేదు. నీకు జాలి ఉండి ఉంటే అమ్మ బతికుండగా చూపించవలసింది.

మొదటి రెండు రోజులూ ఇలా మండిపడుతూనే ఉన్నాను. మూడో రోజు బ్లూబెర్రీలు ఏరుతుంటే ఒక సంగతి తట్టింది. గంప అక్కడే పెట్టి ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ వరసగా మళ్ళీ చదివాను.

అరవై ఎనిమిదిలో అమ్మ నాతో బయలుదేరేముందు విత్తనాన్ని రెండు డబ్బాల్లో పంచింది. నేను అక్కడే ఉన్నాను. ఒకటి తన పెట్టెలో పెట్టుకుంది. రెండోది నీ చేతికిచ్చింది. ఒక ఇంట్లో మంచు పడితే రెండో ఇంట్లో ఉంటుందని అంది. అమ్మ చేత్తో తీసిన అసలు విత్తనం. పైగా నువ్వు ఆ లోయలోనే ఉన్నావు, పద్ధతి తెలుసు, వంటింటి కిటికీ అదే, బకెట్టు అదే.

మరి నేను పంపిన విత్తనం కోసం ఎందుకు కాచుకున్నావు? మూడు వందల నలభై మొక్కలూ నా విత్తనంతోనే ఎందుకు పెట్టావు? నా విత్తనం చెడిందని తెలిసిన మర్నాడు నీ డబ్బా తెరిచి మళ్ళీ ఎందుకు చల్లలేదు? కొట్టు బల్ల ఎందుకు దించావు?

నీ డబ్బా ఏమైంది, అక్కా? ఒక్క ముక్కలో చెప్పు. ఈ మాట నువ్వు నన్ను అడిగినట్టే అడుగుతున్నాను.

ఎల్మి

*

పామర్
సెప్టెంబరు 6

ఎల్మీ,

మూడుసార్లు మొదలుపెట్టి పొయ్యిలో వేశాను. నాలుగోది ఇది. దీన్ని కూడా వేసేలోపు ఆర్వో చేతికిచ్చి పోస్టులో వేయమంటాను.

నా డబ్బా అరవై తొమ్మిది మార్చిలోనే, నారు పోయకముందే చచ్చింది. మంచు కరిగి నేలమాళిగలోకి నీళ్ళొచ్చాయి. డబ్బా మూత కింద చెమ్మ పట్టింది. ఆరబెట్టాలి. ఉల్లిపాయలు, మేజోళ్ళు ఎక్కడ ఆరబెడతాం? ఆవిరి స్నానపు గదిలో, మన సౌనాలో. శుక్రవారం పొయ్యి చల్లగా ఉంది, పై బల్ల మీద కాగితం పరిచి విత్తనం ఆరబోశాను. రేపు తీద్దామనుకున్నాను. శనివారం పొద్దంతా కట్టెలు కొట్టి, సాయంత్రం అలవాటు కొద్దీ పొయ్యి రాజేశాను. రాళ్ళు ఎర్రబడ్డాక నీళ్ళు చల్లాను. ఆవిరిలో కింది బల్ల మీద కూర్చుని గంటసేపు స్నానం చేశాను. పైకి చూడలేదు. ఒళ్ళు తుడుచుకుని లేస్తుంటే కనపడింది. అప్పటికి ఆ విత్తనం తాకితే చెయ్యి కాలేటంత వేడిగా ఉంది. వంద గింజలు చల్లి చూశాను. ఒక్కటి మొలవలేదు. దాని పక్కనే కూర్చుని స్నానం చేశాను, ఎల్మీ. ఈ సంగతి ఎవరికి చెప్పను?

అమ్మకు చెప్పలేదు. ప్రతి ఉత్తరంలో అడిగేది, లెట్యూస్ ఎలా కూర్చుంది అని. బాగా కూర్చుందమ్మా అని రాసేదాన్ని. యాంకరేజ్‌లో ప్యాకెట్టు కొని, ప్రతి రెండు వారాలకూ కొత్తగా చల్లి, కాడ వేయకముందే లేతగా కోసేసి అమ్మ పేరు బల్ల కిందే అమ్మాను. రెండు వేసవులు. ఓర్విల్‌కు కూడా తేడా తెలియలేదు. నేను రాకపోవడానికి మంచు కారణం కాదు. వస్తే ఆవిడ నా ముఖం చూసి అడుగుతుంది. నీలా ముఖం మీద అబద్ధమాడే ధైర్యం నాకు లేదు. ఆవిడ పోయాక కూడా, శవపేటిక దగ్గర నిలబడలేననిపించింది.

నేనింతటితో ఆపవచ్చు. నీకు ఇంతకంటే తెలియదు కాబట్టి నువ్వు అడగవు కూడా. కానీ నీకు నిద్ర పట్టడం లేదని రాశావు. ఆ ముక్క చదివాకే నిజం రాయలేక నీకు క్యాబేజీ సంగతి రాశాను.

అమ్మ చివరి ఉత్తరం నా దగ్గరుంది. కిందటి ఆగస్టు పదిహేడున రాసింది. ఎప్పటిలా ఫిన్నిష్‌లోనే. నీకు మాట వచ్చు కానీ చదవడం రాదు కదా. నువ్వు పుట్టేసరికి ఆదివారపు బడి కూడా ఇంగ్లీషైపోయింది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"నా మంచం పక్క కిటికీలోంచి మడి కనిపిస్తుంది. జూన్ చివరికే సగం మొక్కలు కాడ వేశాయి. అంటే నిరుడు విత్తనం ముందు లేచినవాటి నుంచి తీసిందన్నమాట. ఈసారీ అంతే. చివరివి నేనే తిన్నాను. మీగడ ఎక్కువ పోసింది. అడిగితే కిటికీ దగ్గర పెట్టానంది, పూలు కూడా లెక్క చెప్పింది. నేను సరేనన్నాను. రోజుకు నాలుగుసార్లు నన్ను ఎత్తి దించే పిల్లను ఆకు గురించి నిలదీస్తానా? అది సిగ్గుపడి చచ్చిపోతుంది. నువ్వు ఈ మాట దానితో ఎన్నడూ అనకు. అది విత్తనం పంపితే తీసుకుని మంచిదని రాసి, కోళ్ళకు వెయ్యి. మన విత్తనం నీ డబ్బాలో ఉంది. నీ దగ్గర ఉందనే నాకు ఏ చింతా లేదు."

ఇదీ సంగతి. మార్చిలో నీ విత్తనం చల్లేటప్పుడు నాకు ఇదంతా తెలుసు. కాడ వేస్తుందని తెలుసు. కానీ నా దగ్గర ఇంకేం ఉంది? మూడు వందల నలభైలో ఒక్కటైనా అమ్మది మిగలదా అని ఆశపడ్డాను. మిగిలిందో లేదో చూడకుండానే పీకేశాను. ఆ రోజు నీ మీద అంత అరిచానంటే, ఇంకొకరి మీద అరవకుండా ఉండలేక. నువ్వు విత్తనం చెడగొట్టావు. నేను చంపాను. ఆవిడ నిశ్చింతగా పోయింది నీ అబద్ధం వల్ల కాదు, నా అబద్ధం వల్ల.

ఇప్పుడు నువ్వు రాయి. నేను దాచుకోను, అన్నీ చదువుతాను.

సైమా

*

టవర్
సెప్టెంబరు 17

అక్కా,

సౌనా సంగతికి నేను నిన్ను తిట్టను. అది ఎవరికైనా జరుగుతుంది. ప్యాకెట్టు ఆకును అమ్మ పేరుతో అమ్మినందుకు సిగ్గుపడు, కానీ అది నీకూ ఓర్విల్‌కూ మధ్య.

ఆ ఉత్తరానికి మాత్రం తిడతాను. బతికినన్నాళ్ళూ తిడతాను. ఏడాది పైన దాన్ని సొరుగులో పెట్టుకుని కూర్చున్నావు. అమ్మ అనొద్దందని సాకు చెప్పకు. ఆవిడ పోయాక ఆ మాట ఎవరికోసం? నేను ఆవిడను మోసం చేశాననుకుని ప్రతి ఆదివారం చర్చిలో తలెత్తకుండా కూర్చున్నాను. ఆవిడకు అన్నీ తెలుసని, తెలిసే నన్ను సరే అందని ఒక్క వాక్యం రాస్తే నీ చెయ్యి విరిగేదా? రాయకపోగా, బకెట్టు ఉందా లేదా అని నన్ను నిలదీశావు. జవాబు నీ సొరుగులో పెట్టుకుని నా నోటితో చెప్పించావు. విత్తనం పోతే పోనీ. ఇది నేను క్షమించను. ఇప్పుడే కాదు, ఎప్పుడో తెలియదు.

నా దగ్గర కిందటి ఏటి విత్తనం రెండు చెంచాలుంది. ముందు లేచినవాటిదే. అయినా అమ్మ మొక్కకు పుట్టినదే కదా. నేను దాన్ని పోస్టులో పంపను. మేలో నేనే తీసుకుని వస్తాను. ఇక్కడి పొద్దు సరిపోదు, అక్కడి వెలుగులోనే ఏది ఆగుతుందో తేలుతుంది. మడి నువ్వు తవ్వి ఉంచు. కాడ వేసినవాటిని నేను పీకుతాను. నువ్వు చెయ్యి పెట్టకు, నీ చేతికి ఓపిక లేదు. అమ్మకు పట్టిన ఏళ్ళే మనకూ పడతాయేమో. నీకు యాభై ఎనిమిది, నాకు నలభై ఎనిమిది. ఎన్ని చూస్తామో చూద్దాం.

అమ్మ ఉత్తరం పంపకు. దారిలో పోతే నేను బతకలేను. నేను వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకుని అమ్మ భాషలో, పైకి, మొదటి నుంచి చివరిదాకా చదువు. నన్ను ఎత్తి దించే పిల్ల అన్నచోట గొంతు తగ్గించకు.

ఆ ఉత్తరం నాకు జ్ఞాపకముంది. ఆవిడ మంచం మీద పలక పెట్టుకుని రెండు రోజులు రాసింది. ఏం రాశావమ్మా అని అడిగితే, "అక్కకు కబుర్లు" అంది. నేను నమ్మలేదు. అంతకుముందు రోజు పక్క తడిపిందని ఆవిడ మీద అరిచి ఉన్నాను. నా మీద నీకు చాడీలు రాసిందనుకున్నాను. నాకు చదవడం రాదని ధీమాగా నా చేతికే ఇచ్చింది. పోస్టాఫీసు మూడు మైళ్ళు. వాగు దగ్గర ఆగి, దాన్ని నీళ్ళలో వేసేద్దామని రెండుసార్లు చెయ్యి చాపాను.

ఎల్మి